చక్రం ఆగినప్పుడు

ఇవ్వను, ఇవాళ ఎంత గోల చేసినా ఫోను ఇవ్వను, బీరువాలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి దారపు ఉండల కింద దాచాను, అత్తయ్యకు కూడా తెలీదు, తెలిస్తే ఈపాటికి ఫోను మనవరాలి చేతిలో ఉండేది, ఇచ్చెయ్యవే తల్లీ, పసిదాని గొంతు ఎండిపోతోంది అంటూ నా ప్రాణం తోడేస్తోంది, రేపటికల్లా ఈ స్కూలు చొక్కాలన్నిటికీ కాలర్లు వెయ్యాలి, మా బుడంకాయేమో కుట్టుమిషను పక్కనే నేలమీద పడి కాళ్ళు తన్నుకుంటోంది, నాలుగేళ్ళు నిండాయి, ఫోన్లో వచ్చే సబ్బు ప్రకటన మొదటినుంచి చివరిదాకా అదే గొంతుతో అప్పజెబుతుంది, వాళ్ళ నాన్న మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ వినిపిస్తాడు, కానీ దాహం వేస్తే నీళ్ళు అనదు, అమ్మా అని ఒక్కసారి, ఒక్కసారైనా పిలవలేదు.

ఆటిజం ఫోను వల్ల రాలేదమ్మా, ఆ బాధ మనసులోంచి తీసెయ్యండి అంది మాటలు నేర్పే మేడం, కానీ ఫోను పాప వంతు కోసం ఆగదు, తన పాటికి తను వాగుతూనే ఉంటుంది, మీరు ఆగాలి, ఒక మాట చెప్పి ముఖంలోకి చూస్తూ ఆగాలి అంది, ఆగడం మా ఇంట్లో ఎవరికి వచ్చు, అది కూజా వైపు చూడకముందే అత్తయ్య గ్లాసు నోటికందిస్తుంది, దాహమా బంగారం, అవును దాహమే, ప్రశ్న తనదే జవాబూ తనదే, నేనేమైనా తక్కువ తిన్నానా, అది చెయ్యి చాపేలోపే బిస్కెట్ పెట్టేస్తాను.

సరే ఏడవనీ అని మిషను తొక్కానో లేదో ఏడుపు ఆగింది, ఇదేదో బాగుందే, చక్రం తిరుగుతుంటే లేచి కూర్చుని కళ్ళప్పగించి చూస్తోంది, ఆపాను, ముఖంలోకి చూస్తూ మళ్ళీ అనే మాట చెప్పాను, తొక్కాను, ఆపాను, మళ్ళీ, తొక్కాను, కాలరు వంకర పోయింది, పోనీ, కుట్టు విప్పుకుంటాను, ఈసారి ఆపి ఏమీ అనలేదు, అత్తయ్య నోరు తెరవబోతే వేలు చూపించాను, అత్తని నోరు మూసుకోమన్న కోడలు, సాయంత్రం దీని మీద పంచాయితీ ఉంటుంది, ఉండనీ, మళ్ళీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది నాకే, అనేస్తానేమో అని పెదవి కొరుక్కున్నాను, బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, స్టార్టవడం లేదు, అప్పుడు చిన్న చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, తీసుకెళ్ళి చక్రం మీద పెట్టింది, నా కళ్ళలోకి చూసింది, ళీ అంది.

సగం మాట, ముందు భాగం లేని మాట, సబ్బు ప్రకటనలో ఎక్కడా లేని మాట, అత్తయ్య ఏడుస్తోంది, నేను తొక్కుతున్నాను, కళ్ళు మసకేసి గుడ్డ కనిపించకపోయినా తొక్కుతూనే ఉన్నాను, అమ్మా అనలేదు, అన్నప్పుడే అననీ, ఫోను అడక్కుండానే అన్నీ చూపించింది, మేం అడక్కుండానే అన్నీ చేతిలో పెట్టాం, ఇవాళ ఆపి కూర్చుంటే అడిగింది, నన్ను అడిగింది, దీనికి అడగడం వచ్చు, మేమే ఎప్పుడూ అడగనివ్వలేదు.