అత్యవసరం కాని దుకాణం

మా తమ్ముడు పోయిన రోజు ఆసుపత్రి గేటు దగ్గర వాడి వస్తువులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. ఫోను, చెప్పులు, ఎప్పుడూ చొక్కా జేబులో ఉండే చిన్న స్క్రూడ్రైవర్. మనిషిని చూడనివ్వలేదు. నిబంధన అది. నిబంధనలు పాటించడం నాకు అలవాటే కాబట్టి సంతకం పెట్టి కవరు తీసుకున్నాను.

అంతకు నాలుగు నెలల ముందు కూడా ఒక సంతకం పెట్టాను. జబ్బు ఊళ్ళోకి వచ్చిందని బడులు మూసి, టీచర్లకు తలా ఒక వీధి అప్పగించారు. ఏ దుకాణం అత్యవసరమో, ఏది కాదో రాయాలి. కానిదాని తలుపు మీద కాగితం అతికించి సంతకం పెట్టాలి. నాకు మా వీధే వచ్చింది. అందులో తమ్ముడి కళ్ళజోళ్ళ షాపు ఉంది. మందుల షాపుల గురించి ఉత్తర్వులో ఉంది కానీ కళ్ళజోళ్ళ ఊసు లేదు.

“కళ్ళు కూడా ఒంట్లోవే కదక్కా. మందుల షాపు కింద రాసెయ్, ఎవరడుగుతారు?” అన్నాడు.

వాడు పని చేయడం ఎన్నోసార్లు చూశాను. వచ్చినవాళ్ళ ముక్కు మీద స్కేలు ఆనించి కళ్ళ మధ్య దూరం కొలుస్తాడు. ఇద్దరి ముఖాల మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. పైగా షాపు మీది మేడలోనే తమ్ముడూ మరదలూ, వాళ్ళతోనే నాన్న. ఆయన ఊపిరితిత్తులు అప్పటికే అంతంత మాత్రం. ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టాను.

“ఐదో తరగతిలో నా లెక్కల పేపరు దిద్దింది కూడా నువ్వే. అప్పుడూ అరమార్కు కలపలేదు” అని నవ్వాడు. నేను వంకరగా అతికించిన కాగితాన్ని తనే సరిచేశాడు.

రెండు వారాలన్నారు. నెలలు గడిచాయి. మూడో వారంలోనే తమ్ముడు సరుకుల గోదాములో పెట్టెలు కట్టే పనికి చేరాడు. అది అత్యవసరం. ఒకే హాల్లో ఎనభై మంది, భుజాలు రాసుకుంటూ. గోదాము ఉన్న వీధి చూసిన టీచరు కూడా ఉత్తర్వు ప్రకారమే టిక్కు పెట్టింది.

“మానెయ్యరా” అన్నాను.

“మానేసి? నీ కాగితం పెట్టి పొయ్యి వెలిగించుకోమంటావా? ఇన్నాళ్ళకి ఒకచోట నేను అత్యవసరమయ్యానక్కా. ఉండనీ.”

నాన్నకు అంటుతుందని మేడ ఎక్కడం మానేశాడు. వెనక తలుపులోంచి వెళ్ళి, మూసిన షాపులోనే చాప వేసుకునేవాడు. నాలుగో నెలలో దగ్గు మొదలైంది. గోదాములో ఇరవై మందికి వచ్చిందని తర్వాత తెలిసింది.

నాన్నకు ఏమీ కాలేదు. బాగా పని చేశానని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మా వీధిలో మరణాలు సున్నా అని అందులో రాశారు. తమ్ముణ్ణి గోదాము జాబితాలో వేశారట.

ఇప్పుడు షాపు మరదలు నడుపుతోంది. స్క్రూలు బిగించడం వచ్చింది, అద్దాలు అరగదీయడం ఇంకా రాలేదు. పోయిన వారం నాకు మరో ఫారం వచ్చింది. ఇలాంటి జబ్బు ఇంకోసారి వస్తే ఏ దుకాణాలు మూయాలో, ఎందుకో, అప్పుడు పనిచేసిన టీచర్లే రాసి పంపాలట. పట్టుకెళ్ళి మరదలికి చూపించాను.

“ఈసారి మమ్మల్ని ఏ గడిలో వేస్తావు వదినా?”

“తెలియడం లేదమ్మా. తెరిచి ఉంచితే నాన్న…”

“మామయ్య సంగతి నాకు చెప్పకు. అన్నం పెట్టేది నేనే.” చేతిలోని ఫ్రేముకు స్క్రూ తిప్పుతూ, తలెత్తకుండా అంది. “ఇప్పుడు తెలియనిది ఆ రోజు ఎలా తెలిసింది?”

బడిలో పిల్లలు అడిగినదానికి జవాబు తోచకపోతే రేపు చెబుతాననేదాన్ని. ఫారం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

ఫారంలో నలభై ఒక్క దుకాణాలున్నాయి. నలభై నింపాను. శుక్రవారంలోగా ఇమ్మన్నారు. శుక్రవారం నిన్న అయిపోయింది. కళ్ళజోళ్ళ షాపు ఎదురుగా రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.