పాత ప్రతులు

ఆరో చొక్కా ఇస్త్రీ చేస్తుండగా ఫోన్ మోగింది. బ్లాగు నడిపే కంపెనీ నుంచి కబురు: "మీ కోసం కొత్త సదుపాయాలు!" తన కోసమట! ఆవిడకి నవ్వొచ్చింది. నల్లటి తెర, తొమ్మిది రకాల అక్షరాలు. వాటి కింద ఇంకోటి: "మీ ప్రతి పోస్టుకీ పాత ప్రతులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు చెరిపేసిన మాటలతో సహా. వాటిని ఇకనుంచి మీరు, మీరు మాత్రమే, చూసుకోవచ్చు."

ఇస్త్రీపెట్టె ఆపేసి అక్కడే నేలమీద కూర్చుంది. పదకొండేళ్ళుగా ఆవిడ రాస్తున్నది మరకల గురించి. సిరా, టీ, తుప్పు, ఏదైనా వదలగొడుతుందని పేరు. పోస్టు పెట్టేముందు మాత్రం ఆయన చూడాలి. కాఫీ కప్పుతో వెనకాల నిలబడి, భుజం మీదుగా చదివేవాడు.

మొదటి ఏడాదిది తెరిచింది. కాలర్ మురికి. సబ్బు రాసి పది నిమిషాలు నానబెట్టమని అందరూ చదివారు. పాత ప్రతిలో ఇంకో రెండు వాక్యాలున్నాయి: "పెళ్ళయ్యాక ఎన్ని కాలర్లు రుద్దానో లెక్కలేదు. ఒక్కసారైనా ఆయన తడుముకుని, తెల్లగా ఉందే అనలేదు." అప్పుడాయన, "మా ఆఫీసువాళ్ళు చదువుతారు. నన్ను నవ్వులపాలు చేస్తావా? తీసెయ్" అన్నాడు. తీసేసింది.

మూడో ఏడాది, రక్తపు మరక. చన్నీళ్ళే వాడాలి, వేణ్ణీళ్ళు పనికిరావు. దాని పాత ప్రతి: "కడుపు పోయిన రోజు ఆ దుప్పటి నేనే ఉతుక్కున్నాను." "ఎవరికీ రాని కష్టమా తల్లీ, ఊరంతా చాటుకోవాలా?" అంది అత్తగారు. అదీ తీసేసింది. ఆ వాక్యాన్ని ఇప్పుడు వేలితో తడుముతుంటే, ఎప్పుడో తప్పిపోయిన చెల్లెలు ఎదురైనట్టనిపించి ఏడుపొచ్చింది. ఎంత ధైర్యంగా రాసేది తను!

ఆత్రంగా తర్వాతివి తెరిచింది. నిరుడు రాసినదానికి, "పాత ప్రతులు లేవు." అంతకుముందు ఏడాదిదానికీ అంతే. ఏదో పాడైందనుకుని నాన్న చనిపోయిన వారంలో తను రాసింది వెతికింది. గ్రీజు మరక. పాత ప్రతి లేదు. నాలుగేళ్ళుగా ఒక్కదానికీ లేదు. పాడైంది కంపెనీ కాదు. చెరపడానికి తను ఏమీ రాయలేదు.

నాలుగేళ్ళ కిందట ఆయన అన్నమాట గుర్తొచ్చింది. "ఇప్పుడు చక్కగా రాస్తున్నావు. ఇక నేను చూడక్కర్లేదు." ఆరోజు ఎంత పొంగిపోయిందని! ఆయనకి అడక్కుండానే రెండో కాఫీ కలిపిచ్చింది.

"చొక్కా అయిందా?" హాల్లోంచి ఆయన గొంతు.

"అయిపోతోందండీ."

కొత్త పోస్టు తెరిచి గబగబా రాసింది: "ఈ ఇంట్లో నేను లేను. ఎప్పుడు పోయానో కూడా నాకు తెలీలేదు." అందరి ముందూ పెట్టే గుండె లేదు. తెర మూలన 'భద్రపరిచాం' అని పడేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. పడింది. అప్పుడు తన చేత్తోనే చెరిపేసి, ఆ చోట్లో ఇస్త్రీ కాలిన మచ్చ ఎలా పోతుందో రాయడం మొదలుపెట్టింది.

ఈ ఏడాదికి కనీసం ఒక్క పాత ప్రతి ఉంది.