తేలికైన అయస్కాంతం

పాత అయస్కాంతానికి ముళ్లపంది ముళ్లలా అంటుకున్న మేకులను అతను గోళ్లతో పీకి డబ్బాలో వేస్తున్నాడు. ఒకటి పీకితే పక్కది వేలికి గుచ్చుకుంటోంది. ఇంతలో వెనకనుంచి బుస్సుమని చప్పుడు. లారీ టైరు.

అది పడగొట్టిన ఇళ్ల కలప అమ్మే అడితి. దూలాలనుంచి రాలే మేకులను లారీలకంటే ముందే ఏరేయడం అతని పని. కాలు ఒకచోట నిలవదు గనక అందరూ బొంగరం అనే పిలుస్తారు. అన్నం కూడా నిలబడే తింటాడని భార్య ఊరందరికీ చెప్పి నవ్వుతుంది. కర్రకు కట్టిన ఆ అయస్కాంతం పసిపిల్లంత బరువు. ఈమధ్య భుజం మొరాయిస్తోంది, నొప్పి దవడదాకా పాకుతోంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే మంచం ఎక్కిస్తారు.

యజమాని టైరును చూశాడు, అతన్ని చూశాడు. అరవలేదు.

“ఇంకొక్క టైరు పోతే నువ్వింక ఇంటిదగ్గరే ఉండు, బొంగరం. నీకూ విశ్రాంతి.”

ఆ మాటకే అతనికి గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూసే బతుకు కళ్లముందు మెదిలింది. కర్ర అక్కడే పడేసి, కరెంటు సామాన్ల కొట్టుకు పరుగులాంటి నడకతో బయల్దేరాడు.

మీట నొక్కితే పట్టాలి, ఆపితే మేకులు వాటంతటవే రాలిపోవాలి, అలాంటిది కావాలన్నాడు. కొట్టాయన పళ్లెమంత దాన్ని తీసి ఇనుప పలకకు అంటించి, ఊడబెరకమన్నాడు. ఊడలేదు. కానీ దాని బ్యాటరీ ఎత్తేసరికి బొంగరానికి ఆయాసం వచ్చింది. రెండోది అరచేతిలో ఇమిడింది. మేకు మీద కాగితం మడత వేస్తే మాత్రం చేతులెత్తేసింది. అతని మేకులుండేది రంపపు పొట్టు కింద మరి.

“పెళ్లిచూపుల్లో కూడా ఇంత తిప్పి చూడరు బాబాయ్,” అన్నాడు కొట్టాయన.

మూడోది గిన్నె మూతంత ఉంది. మడతలోంచి కూడా మేకును లాగింది. దానికి పెద్ద బ్యాటరీ పెడితే రోజంతా వస్తుంది గానీ బరువు. చిన్నది మధ్యాహ్నందాకే వస్తుంది, నడుముకు కట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. చిన్నదే తీసుకున్నాడు. అన్నం వేళకు మళ్లీ ఛార్జింగు పెట్టుకోవచ్చు.

“వేడెక్కుతుంది, మధ్యమధ్యలో ఆపాలి. అప్పుడు మీరూ కాసేపు కూర్చోండి.”

“కూర్చోడానికైతే ఇది దేనికయ్యా?” అంటూ మెట్లు దిగేశాడు.

మర్నాడు పొద్దున్నే అడితిలో మీట నొక్కగానే పొట్టులోంచి మేకులు చీమల్లా లేచి వచ్చాయి. ఆపితే డబ్బాలో జలజల. అతనికి పట్టపగ్గాల్లేవు. ఒక వరస, ఆ వెంటనే ఇంకో వరస. పిడి కాలుతున్నా వదల్లేదు. గేటు పక్క కాస్త నేల ఒక్కటే మిగిలిందనగా నొప్పి దవడ దాటి పంటికి పాకింది. మేకులతో నిండిన అయస్కాంతాన్ని డబ్బా అంచు మీద ఆనించి దూలం మీద చతికిలబడ్డాడు. ముందు ఊపిరి, తర్వాత మీట అనుకున్నాడు.

అన్నం తెచ్చిన భార్య అతన్ని చూసి ఆగిపోయింది. వెనక పలకలకు జారగిలబడి ఉన్నాడు, గడ్డం గుండెకు ఆనుకుని ఉంది. పలకలు మోస్తున్న కూలీ ఏదో కేకేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“అరవకు నాయనా. పుట్టి బుద్ధెరిగాక ఇవాళే కూర్చున్నాడు.”

క్యారియరు కింద పెట్టి, మొహం మీద వాలుతున్న ఈగలను కొంగుతో తోలుతూ నిలబడింది. ఆమెకు మురిపెంగా ఉంది. లేచాక దెప్పిపొడవడానికి మాటలు కూర్చుకుంటోంది.

బ్యాటరీ అయిపోయింది. మేకులన్నీ ఒక్కసారిగా డబ్బాలో కూలాయి. ఆమె ఉలిక్కిపడింది. అంత చప్పుడుకీ అతను తలెత్తలేదు.

వంగి భుజం తట్టింది. కుదిపింది. తర్వాత దూలం మీద అతని పక్కనే కూర్చుండిపోయింది.

డబ్బా అంచున అయస్కాంతం ఇంకా వెచ్చగానే ఉంది.