గుండు కంటే ముందొచ్చిన ఠంగు

"బరువు గుండు వేశానంటే, ఇక గాలే నన్నడిగి వీయాలి," అన్నాడు కోల్బీ, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కాఫీ కొట్లో, సగం ఊరు వినేట్టు. మిగతా సగం ఊరు కిటికీ పక్కన కూర్చుంది. లేచి వెళ్ళి వాళ్ళకి మళ్ళీ చెప్పాడు.

వయోమింగులో ఆ మూల టోపీ ఎగిరిపోతే ఎవరూ వెంటపడరు. పక్క జిల్లా నుంచి తమ తలకి సరిపోయేది ఇంకోటి కొట్టుకొస్తుందని అక్కడే నిలబడతారు. అలాంటి గాలిలో దూరాన ఉన్న జింకని కొట్టడానికి ఏ గుండు మంచిదన్న మాట మీద పెళ్ళిళ్ళు కుదిరాయి, చెడిపోయాయి కూడా. తేలిక గుండు వడిగా పోతుంది కానీ దారిలో గాలి దాన్ని పక్కకి నెట్టేస్తుంది. బరువు గుండు నిదానం మనిషి. గాలిని అంతగా పట్టించుకోదు.

ఈసారి గొడవ తాతయ్య రైఫిలు గురించి. ఆయన పోయినప్పటి నుంచి అది నానమ్మ సిగ్రిడ్ మంచం కింద దుప్పట్లో పడుకుని ఉంది. చిన్నప్పుడు ఆ రైఫిలు వెనకాలే కొండలన్నీ తిరిగాడు కోల్బీ, తాతయ్య ఫలహారం సంచీ మోస్తూ. లోకంలో ఇంకేదీ అక్కర్లేదు వాడికి, ఆ ఒక్కటీ తన భుజాన ఉంటే చాలు. అయితే బాబాయి కూతురు బ్రిట్టాకీ అదే కావాలి. నానమ్మ తీర్పు చెప్పేసింది:

"తూటాల్లో మందూ గుండూ ఎవరివి వాళ్ళే కూరుకోండి. ఎదురు కొండమీద మీ తాత గురికోసం వేలాడదీసిన ఇనప నాగలి పళ్ళెం ఉందిగా, ఐదొందల గజాలు. చెరి మూడు. ఎక్కువసార్లు మోగించినవాళ్ళది రైఫిలు. జింకల వేట మొదలయ్యేది వచ్చే వారమే, ఏడుపులకి టైము లేదు."

సాధన కోసం రైఫిలు ఒక్కొక్కరికి ఒక్కో సాయంత్రం ఇచ్చింది.

కోల్బీ కొట్టుకెళ్ళి ఉన్నవాటిల్లోకెల్లా బరువైన గుండ్లు తెచ్చాడు. పొడుగ్గా, సూదిమొనతో, ఒక్కోటీ రాకెట్టుకి మేనల్లుడిలా ఉంది. తూటాలు కూరి, పశువుల కొట్టం వెనక వంద గజాల్లో అట్టముక్క నిలబెట్టి పేల్చాడు. దగ్గరికెళ్ళి చూస్తే కన్నం గుండ్రంగా లేదు. గుండు ఫొటో కోసం పక్కకి తిరిగి పడుకున్నట్టు, మొన నుంచి మడమ దాకా దాని పూర్తి ఆకారం అట్టలో కోసుకుపోయి ఉంది. రెండోదీ అంతే. మూడోది అట్టకి తగల్లేదు. ఇంకెక్కడో 'టప్'మంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుండు బొంగరంలాంటిది, గిర్రున తిరిగితేనే నిటారుగా పోతుంది. పొడుగు గుండుకి ఇంకా ఎక్కువ తిరుగుడు కావాలి. ఈ పాత గొట్టం లోపల గుండుని తిప్పే మరచుట్లు బద్ధకంగా తిరిగినవి, పొట్టి గుండ్ల కాలంవి. తాతయ్య ఈ సంగతి ఒకసారి వివరంగానే చెప్పాడు. ఆ సమయంలో కోల్బీ సంచీలో ఉన్న ఫలహారం ఎలా ఉందో చూస్తున్నాడు.

వేరేవి కొందామంటే గుండ్ల కొట్టు మూసేశారు. బ్రిట్టాని నాలుగు తూటాలు అడగొచ్చు. అడిగితే ఇస్తుంది కూడా, అదే ప్రమాదం. రాత్రికల్లా కాఫీ కొట్లో రెండు సగాలకీ తెలిసిపోతుంది.

అందుకని నానమ్మ వాకిట్లోంచి తీగ లేకుండా మోగే తలుపు గంటని, మోగే డబ్బా, నొక్కే బొత్తాం రెండూ, పీకి తెచ్చాడు కోల్బీ. నచ్చిన మోత అందులోకి ఎక్కించుకోవచ్చు. కొండెక్కి నాగలి పళ్ళేన్ని సుత్తితో కొట్టి ఆ ఠంగుని ఎక్కించాడు. డబ్బాని, పేల్చే చోటికి దగ్గర్లో ఆగి ఉన్న ట్రక్కు కింద దాచాడు. బొత్తాన్ని చొక్కా లోపల కుడి భుజం దగ్గర అతికించుకున్నాడు. రైఫిలు అక్కడే ఆనుతుంది, పేలగానే వెనక్కి తన్ని బొత్తాన్ని దానంతటదే నొక్కేస్తుంది. ఇంత తెలివి ఒకే కుటుంబంలో పుట్టడం అన్యాయం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ముందు బ్రిట్టా రైఫిలు పట్టుకుని నేలమీద బోర్లా పడుకుంది. బాబాయి నార్వెల్ దుర్భిణీ పట్టుకున్నాడు.

"ఏం వేశావే?" అంది నానమ్మ.

"మధ్యరకం, నానమ్మా. ఇంకా బరువైనవీ పేల్చి చూశాను, ఈ రైఫిలు ఒప్పుకోలేదు. ఇది ఎంతవరకు మోయగలదో అంతే వేశా. మిగతాది గాలిని చూసుకుని నేనే సర్దుకుంటా."

"మధ్యరకం మనిషికి మధ్యరకం గుండు," అన్నాడు కోల్బీ.

"నీకు బోలు గుండు దొరకలేదా మరి?"

బ్రిట్టా పేల్చింది. నానమ్మ తీరిగ్గా ఒక గుక్క కాఫీ మింగింది. అప్పుడు కొండమీంచి సన్నగా 'ఠంగ్'మంది. రెండోది పేలింది, గుక్క మింగింది, ఠంగ్. మూడోసారి గాలి ఉన్నట్టుండి విసిరింది. గుక్క మింగింది, ఏమీ లేదు.

"రెండు," అన్నాడు బాబాయి, కూతురి వంక మురిపెంగా చూసి, వెంటనే మొహం గంభీరంగా పెట్టుకుని.

కోల్బీ వంతు వచ్చింది. ఢాం-ఠంగ్! రెండు చప్పుళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నానమ్మ కప్పు ఇంకా పెదాల దాకా కూడా పోలేదు.

బాబాయి దుర్భిణీలోంచి కళ్ళు తీసి తుడుచుకున్నాడు. "దుమ్మేమో పళ్ళేనికి బారెడు ఎడమన లేచిందే..."

"కన్నకూతురి పక్షం మాట్లాడకు బాబాయ్, బావుండదు."

ఆ ఒక్క మాటతో బాబాయి దుమ్ము సంగతి వదిలేశాడు. ఢాం-ఠంగ్! ఢాం-ఠంగ్!

"మూడు," అన్నాడు పాపం, దుమ్ము మూడుసార్లు మూడు వేరే ఊళ్ళలో లేచినా.

"మోత మరీ తొందరగా వచ్చిందేంట్రా?" అంది నానమ్మ. "నేనింకా కాఫీ తాగనేలేదు."

"బరువు గుండు నానమ్మా. బాధ్యత ఎక్కువ. ఆలస్యం చెయ్యదు."

"మోత ట్రక్కు వైపు నుంచి వచ్చినట్టుందే?"

"ప్రతిధ్వని."

"మొదటి మోత వినపడకుండా ప్రతిధ్వని ఒక్కటే వచ్చిందా?"

"ఈ గాలికి ఏదైనా రావచ్చు."

నానమ్మ కప్పు కింద పెట్టి చేతులు చాచింది. "అచ్చు మీ తాతే. రా, నా బంగారుకొండా."

తాత పేరు వినగానే కోల్బీ కళ్ళు చెమర్చాయి. రైఫిలు పక్కన పెట్టి వెళ్ళి, నానమ్మ కౌగిట్లో ఒదిగిపోయాడు. ఆవిడ గట్టిగా అదుముకుంది.

ఠంగ్!

బాబాయి గబుక్కున దుర్భిణీకి కన్ను ఆనించాడు. "ఎవరూ పేల్చలేదే!"

నానమ్మ ఇంకోసారి అదిమింది. ఠంగ్! కాస్త వదిలి మళ్ళీ అదిమింది. ఠంగ్! ఆవిడకి సరదా పుట్టినట్టుంది, నాలుగోసారీ అదిమింది. బ్రిట్టా గడ్డిలో పడి పొర్లి పొర్లి నవ్వుతోంది.

"నిన్నట్నుంచీ తలుపు గంట కనపడకపోతే, గాలికి పోయిందనుకున్నాన్రా," అంది నానమ్మ, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ. "చెప్పు ఇప్పుడు."

కోల్బీ అంతా చెప్పేశాడు. ఎక్కడా దాచలేదు. బరువు గుండు అడ్డంగా పోతోందని ముందే తెలుసనీ, కాఫీ కొట్లో తల ఎత్తుకోలేనని అడగలేదనీ, తాతయ్య చెప్తున్నప్పుడు తను ఫలహారం తింటున్నాననీ.

"మీ తాతకి ఆ రోజు ఆకలితో మాడిపోయిన సంగతి చచ్చేదాకా గుర్తుంది," అని, రైఫిలు తీసి బ్రిట్టా చేతుల్లో పెట్టింది నానమ్మ.

బ్రిట్టా దాన్ని నిమిరి, భుజాన వేసుకుంది. కోల్బీ ఇంకెటో చూశాడు.

"వచ్చే వారం నాతో రారా," అంది బ్రిట్టా. "కొండ ఎక్కేటప్పుడు రైఫిలు నువ్వు మొయ్యి, దిగేటప్పుడు నేను మోస్తా. నా గుండ్లే వేద్దాం, నువ్వూ ఒక జింకని కొట్టు. ఫలహారం మాత్రం నా దగ్గరే ఉంటుంది."

వాడి మొహం చేటంతైంది. నానమ్మ వాళ్ళిద్దర్నీ చూసి మురిసి, మళ్ళీ కప్పు అందుకుంది.

"ఇంకేమీ లేదుగా చెప్పాల్సింది?"

"లేదు నానమ్మా."

"నిన్న కొట్టం వెనక నీళ్ళ తొట్టి కారిపోతోంటే, వడ్రంగిపిట్ట పొడిచిందన్నావు. ఇనప తొట్టి. కన్నం చూశాను. ఇంత పొడుగ్గా, ఒక పక్క సూదిగా ఉంది."

కోల్బీ తొట్టి వైపు చూశాడు, ట్రక్కు వైపు చూశాడు, ఆకాశంలో వడ్రంగిపిట్టలేమైనా సాయానికి వస్తున్నాయేమో చూశాడు.

"మూడోది, నానమ్మా," అన్నాడు. "అట్టకి తగలనిది."