నంబరు చెప్పమ్మా

“దేనికి?” అంటాడు కిరణ్ పాల్. కరుణ ఎప్పుడు ఓటీపీ అడిగినా అతని నోట మొదట వచ్చే మాట అదే. కోపంగా అనడు, పాపం. ఆఫీసులో పదిమంది చేత పని చేయించే మనిషి, గొంతు పెంచడం అతనికి చేతకాదు. ఆ మంగళవారం పొద్దున కూడా నెమ్మదిగానే అడిగాడు. మూసాపేటలో వాళ్ళ మూడో అంతస్తు గుమ్మం ముందు గ్యాసు బండ దించి, చెమట తుడుచుకుంటూ, కోడ్ చెప్పమ్మా అని నిలబడ్డాడు బండ తెచ్చినతను. కరుణ చేతులకు అంట్ల సబ్బు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల హైటెక్ సిటీలో మీటింగులో ఉన్న మొగుడు. గ్యాసుకండీ అంది. “గ్యాసు బుక్ చేశావా? నాకు చెప్పలేదే” అన్నాడు. చెప్పింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలోనే చెప్పింది. ఆ మాట అనేలోపు బండతను టైము చూసుకున్నాడు. నాలుగంకెలు విని, అతనికి అప్పజెప్పి, తలుపేసుకుని మిగిలిన గిన్నెలు తోముకుంది.

ఎనిమిదేళ్ళ కిందట, పెళ్ళయిన నెలకి, ఆధార్‌లో అడ్రసు మార్పించడానికి ఇద్దరూ వెళ్ళారు. కంప్యూటరు ముందు కూర్చున్నతను తలెత్తకుండా “నంబరు చెప్పమ్మా” అన్నాడు. అడిగింది కరుణని. ఫోను కరుణ చేతిలోనే ఉంది. ఆమె నోరు తెరిచేలోపు పక్కనుంచి కిరణ్ పాల్ తన నంబరు గడగడా చెప్పేశాడు. నీకెందుకీ తలనొప్పులు, నేను చూసుకుంటాగా అన్నాడు బయటికొచ్చాక. అప్పుడది ఎంత ముద్దుగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తర్వాత ఒకటి రెండుసార్లు మార్చుకుంటానని ఇంట్లో అంది కూడా. అత్తగారు విమల చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, “వాడి నంబరైతే ఏం, నీ నంబరైతే ఏం తల్లీ, ఇల్లొకటేగా” అంది. ఇల్లొకటే, నిజమే. ఆ ఒక్క ఇంట్లో అంట్లు ఎవరివో, ఆవిడ మోకాళ్ళకు నూనె ఎవరు రాయాలో, మామగారు పౌలు గారి షుగరు మాత్రలు అయిపోతే మాట ఎవరు పడాలో మాత్రం వేరే చెప్పుకోనక్కర్లేకుండా ఏర్పాటైపోయాయి. నంబరు ఊసు అక్కడితో ఆగిపోయింది.

ఇందులో తమాషా ఏమిటంటే, కరుణ ఉద్యోగమే ఆ నంబర్లది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన సంస్థ తరఫున బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు క్లాసులు చెబుతుంది. అద్దాల బిల్డింగుల్లో ఊడ్చి, తుడిచి, బాత్రూములు కడిగి వచ్చిన వాళ్ళకు ఫోన్లోనే రేషన్ కార్డు ఎలా చూసుకోవాలో, ప్రభుత్వం ఇచ్చే ఇంటికి దరఖాస్తు ఎలా పెట్టాలో, అది ఎక్కడిదాకా వచ్చిందో ఎలా తెలుసుకోవాలో నేర్పుతుంది. మూడో పాఠం పేరు ‘మీ నంబరు మీదే ఉండాలి’. బోర్డు మీద అంత పొడుగు అక్షరాలతో రాస్తుంది. ఆ పాఠం అయిన మంగళవారం అందరినీ వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి, ఎవరి ఆధార్‌కు వాళ్ళ ఫోను జత చేయిస్తుంది. మూడేళ్ళలో నాలుగు వందల మందికి అలా చేయించింది. నాలుగు వందల ఒకటో మనిషి సంగతి అడిగిన వాళ్ళు లేరు.

గ్యాసు బండ వచ్చిన ఆ మంగళవారం హాల్లో, ఎవరి నంబరు ఎందుకు మార్చుకోవాలనుకుంటున్నారో చెప్పమంటే సాయమ్మ లేచింది. యాభైకి దగ్గర పడిన మనిషి, పన్నెండేళ్ళుగా ఒకే టవర్లో ఫ్లోర్లు తుడుస్తోంది. ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటే, ఫలానా తారీకున కాగితాలతో రమ్మన్న మెసేజ్ మొగుడు కిష్టయ్య ఫోనుకు వచ్చిందట. తారీకు దాటిపోయి దరఖాస్తు కొట్టేశారట. “ఆయనను ఏమనాలె మేడం? సదువు రాదాయె. ఏదో కంపెనీ మెసేజ్ అనుకున్నడు” అంది సాయమ్మ. అందరూ నవ్వారు, సాయమ్మతో సహా.

అప్పుడే మెర్సీ ఫోన్ చేసింది. మెర్సీ సంస్థలో మేనేజరు. కరుణ వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. బాచుపల్లిలో కొత్త సెంటర్‌కు ఇన్‌చార్జిగా కరుణ పేరు ఖాయమైందట. ఆఫర్ లెటర్ లింకు, సంతకానికి ఓటీపీ, రెండూ ఆధార్‌కు జత చేసిన ఫోనుకే వెళతాయి, సోమవారం లోపల సైన్ చేసెయ్యాలి అని చెప్పింది. తర్వాత కాస్త ఆగి, “ఈసారైనా వదిలెయ్యకండి కరుణా. పోయినేడాది కూడా మీకే పంపాం. సైన్ చెయ్యలేదు, నాట్ ఇంట్రెస్టెడ్ అని ఆఫీసులో క్లోజ్ చేశారు. నేనే మళ్ళీ మీ పేరు పెట్టించాను” అంది.

పోయినేడాది తనను తీసుకోలేదనుకుంది కరుణ. మొగుడి చొక్కా తడిసేలా ఏడ్చింది కూడా. కిరణ్ పాల్ వీపు నిమిరి, “పోనీలే, నీ విలువ వాళ్ళకు తెలియదు” అన్నాడు. ఆ సాయంత్రం బయటికి తీసుకెళ్ళి ఐస్‌క్రీం కొనిపెట్టాడు.

అతనికి ఫోన్ చేసి అడిగింది. అరిచి కాదు, గ్యాసు కోడ్ అడిగిన గొంతుతోనే అడిగింది. అతను దాచలేదు, తడబడలేదు. “ఆ, వచ్చింది. రోజూ బాచుపల్లి వెళ్ళి రావడం నీ వల్ల అవుతుందా? అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. నిన్ను టెన్షన్ పెట్టడం ఎందుకని నేనే వదిలేశా. మళ్ళీ పంపుతున్నారా? సరే, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం” అన్నాడు. సరేనండీ అంది కరుణ.

ఏడుపు వస్తుందేమోనని వరండాలో కాసేపు నిలబడింది. రాలేదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిని గిల్లినా తెలియనట్టు, ఎక్కడ గిల్లుకున్నా ఏమీ తెలియడం లేదు. ఒక్కటే మాట తలలో తిరుగుతోంది. కిష్టయ్యకు చదవడం రాదు. కిరణ్ పాల్‌కు వచ్చు. లోపలికి వెళ్ళి పాఠం పూర్తి చేసింది. బోర్డు తుడిచింది. పధ్నాలుగు మందికి ఫారాలు నింపింది. తర్వాత పదిహేనోది తీసుకుని, అదే చేతిరాతతో, అదే తొందరతో నింపింది.

ఆధార్ కేంద్రంలో ఆమె చేతిలో ఫారం మిగిలి ఉండడం సాయమ్మ చూసింది. “గిదెవరిది మేడం?” అంది. నాదే అంది కరుణ. నాలుగు వందల మందికి పాఠం చెప్పిన పంతులమ్మ అలా అనాల్సి వస్తే ముఖం మాడిపోవాలి నిజానికి. అది కూడా జరగలేదు. సాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పక్కకు జరిగి లైన్లో చోటిచ్చింది.

కుర్చీలో కూర్చోగానే కంప్యూటరు ముందున్నామె “నంబరు చెప్పమ్మా” అంది. కరుణ తన పదంకెలూ చెప్పింది. పాత నంబరు ఎవరిదని ఎవరూ అడగలేదు. దానికి ఏ ఓటీపీ వెళ్ళలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. కావలసింది ఆమె వేళ్ళు, అంతే. ఈ సంగతి కరుణకు మూడేళ్ళుగా తెలుసు, వారం వారం చెబుతూనే ఉంది. తీరా వేళ్ళు పెడితే మిషను పట్టుకోలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. సబ్బూ పీచూ కలిసి వేళ్ళ గీతలు తినేశాయి. ఈ బాధ ఫ్లోర్లు తుడిచే వాళ్ళదే అనుకునేది ఇన్నాళ్ళూ. వెనకనుంచి సాయమ్మ వంగి, “జర తలకు రుద్దుకోండి మేడం, నూనె అంటితె పడ్తది. మాకు గిట్లనే పడ్తది” అంది. కరుణ వేళ్ళు జుట్టులో రుద్దుకుని మళ్ళీ పెట్టింది. పడింది.

ఆ సాయంత్రం మాట్లాడుకున్నారు. అంటే కిరణ్ పాల్ మాట్లాడాడు. వచ్చే ఏడాది చూద్దాంలే అన్నాడు, అత్తగారు అవునంది. కరుణ చపాతీలు కాల్చింది. ఆధార్ కేంద్రానికి వెళ్ళిన సంగతి చెప్పలేదు, దాచాలనీ అనుకోలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పప్పు తాలింపు పెడుతుంటే ఆమె ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఆధార్‌లో నంబరు మారిందని. ఆఫీసుకు చెప్పి లెటర్ మళ్ళీ పంపించుకుంది. ఆరంకెలు వచ్చాయి. స్టవ్ పక్కన నిలబడే కొట్టింది. సంతకం అయిపోయింది. ఎగిరి గంతేసేంత సంతోషమేమీ కలగలేదు, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంది.

శనివారం పొద్దున కిరణ్ పాల్ హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, టేబుల్ మీది తన ఫోను వైపు మాటిమాటికీ చూస్తున్నాడు. తెల్లాపూర్‌లో ఫ్లాటుకి మారడానికి కిరాయి అగ్రిమెంటట, అతని ఆఫీసుకి దగ్గరట. వంటింట్లో ఉన్న కరుణకు ఆ సంగతి అతను ఫోన్లో బ్రోకరుతో అంటుంటే వినబడింది. ఆమె సంతకం కూడా కావాలట, ఓటీపీ రావడం లేదట. నెట్‌వర్క్ అనుకుంటా అన్నాడు. అంతలో వంటింటి గట్టు మీద ఆమె ఫోను టింగుమంది.

చేతులు తుడుచుకుని ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చింది. నాకొచ్చిందండీ, మంగళవారం నంబరు మార్చుకున్నాను, బాచుపల్లి లెటర్ కూడా సైన్ చేశాను అంది. అతను తన ఫోను వదిలి ఆమె చేతిలోని ఫోను వైపు చూశాడు. సోఫాలో మోకాలికి నూనె రాసుకుంటున్న అత్తగారు చేయి ఆపేసింది.

“సరే, అదంతా తర్వాత. ముందు ఆ ఓటీపీ చెప్పు, టైమ్ అయిపోతుంది” అన్నాడు.

దెప్పిపొడవాలని కాదు, అంత ఓపిక కూడా ఆమెలో లేదు. ఈ ఎనిమిదేళ్ళలో తన పేరు మీద వేటివేటికి ఒప్పుకుందో, వేటిని వద్దందో కరుణకు నిజంగానే తెలియదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఫోనును బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

“దేనికండీ?” అని అడిగింది.