ఒక్క రోజు హాజరు

మత్తు డాక్టరు బదిలీకి కారణం ఒక కప్పు కాఫీ.

పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి తమ్ముణ్ణి హెర్నియా ఆపరేషన్‌కి బల్ల మీద పడుకోబెట్టారు. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా, తాగావా అని డాక్టరు అందరినీ అడిగినట్టే అడిగాడు. కాఫీ తాగానన్నాడు రోగి, పాలు ఎక్కువ పోయించుకుని. అయితే ఆరు గంటలు ఆగాలన్నాడు డాక్టరు. కడుపులో పాలుండగా మత్తు ఇస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి బల్ల మీదే పోతాడు. ఈ మాట ఆయాకి కూడా అర్థమైంది. పెద్దమనిషికి అర్థం కాలేదు. పదకొండో రోజున ఉత్తర్వు వచ్చింది. పరిపాలనా కారణాల దృష్ట్యా, బస్సులో నాలుగు గంటల దూరాన ఉన్న చిన్న ఆసుపత్రికి. బదులు మనిషి వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆ మధ్యాహ్నమే రిలీవ్ చేసి చేతులు దులుపుకున్నారు.

ఇంకెప్పుడైనా అయితే పెట్టె సర్దుకుని పోయేవాడే. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అయిదు బదిలీలు చూశాడు. కాని అప్పటికి ఆయన భార్య మంచం పట్టి నెలన్నర. క్లోమంలో గడ్డ. కోసి తీసే దశ దాటిపోయింది. మిగిలిన కాస్త కాలం ఆమె మంచం పక్కన కూర్చోవాలి. ఆయనకి కావలసింది అంతే.

ఆయన లెక్కలో రెండు వందల పన్నెండు రోజుల సంపాదిత సెలవు ఉంది. ఎప్పుడైనా వాడుకుంటే గదా. కూతురు పుట్టిన రోజున కూడా ఆయన థియేటర్‌లోనే ఉన్నాడు, ఎవరిదో కాన్పుకి మత్తు ఇస్తూ. భార్య దెప్పుతూ ఉండేది. “దాచుకోండి, బాగా దాచుకోండి. పోయేటప్పుడు మూట కట్టుకుని పట్టుకుపోదురుగాని.”

ఆ మూట విప్పుదామనుకుంటే విప్పనిచ్చేవాడు లేకపోయాడు. పాత ఆసుపత్రి హెడ్ గుమాస్తా సెలవు చీటీ ముట్టుకోనైనా లేదు. రిలీవ్ అయిపోయారు, మీరిక మా మనిషి కాదన్నాడు. కొత్త ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఇంకా చేరలేదుగా, మా మనిషి ఎట్లా అవుతారన్నారు. పైఆఫీసుకి పోతే కింది ఆఫీసు ద్వారా రమ్మన్నారు. నేను ఏ ఆఫీసు కింద, అని ఆయన అడిగాడు. అది మీరే తేల్చుకోవాలన్నారు. కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు. వాయిదా పడింది. మళ్ళీ పడింది.

రిలీవ్ అయిన నెలకి రెండు నోటీసులు కలిసి వచ్చాయి. గడువులోగా చేరనందుకు ఇది అనుమతి లేని గైర్హాజరు, ఉద్యోగం ఎందుకు తీసెయ్యగూడదో చెప్పమని ఒకటి. సర్కారు క్వార్టరు పది రోజుల్లో ఖాళీ చెయ్యమని రెండోది. ఉద్యోగం పోతే పొమ్మనగలడు. పక్క మీద ఒత్తిగిలడానికి ఇద్దరి సాయం కావలసిన మనిషిని ఏ ఇంటికి మార్చగలడు?

ప్లీడరు తల పండినవాడు. నోటీసులు చూసి, కళ్ళజోడు తీసి, దారి చెప్పాడు.

“డాక్టరుగారూ, ఉత్తర్వు కాదన్నవాడికి ట్రిబ్యునల్‌లో ఎవరూ పీట వెయ్యరు. ఒక్కసారి వెళ్ళి చేరండి. చేరిన కాగితం మీద సంతకం పెట్టి, అదే టేబుల్ మీద సెలవు చీటీ పెట్టి, వచ్చే బస్సెక్కండి. గంట పని. వాళ్ళ మనిషైపోతారు, సెలవు ఇచ్చి తీరాలి. క్వార్టరు సంగతి నేను చూసుకుంటా.”

కూతురు వద్దంది. ఆ పిల్ల ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేది. అమ్మకి బాగాలేదనగానే, చీటీ కూడా అడక్కుండా పంపించారు వాళ్ళు.

“ఈ వారం వద్దు నాన్నా. అమ్మ మొహం చూడు ఒకసారి.”

ఆయన మొహం చూడలేదు. ఊపిరి చూశాడు. మంచం పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టాడు, నాడి చూశాడు, గోళ్ళ రంగు చూశాడు. బతుకంతా మనుషుల ఊపిరికి కాపలా కాసినవాడు. ఎవరిది ఎప్పుడు తగ్గుతుందో, ఎంతసేపు నిలబడుతుందో ఆయన చెప్పాకే సర్జన్లు కత్తి పట్టేవాళ్ళు.

“పది రోజులుంది. ఊపిరి లెక్క నాకు తెలీదా?” అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే చొక్కా జేబులో రెండు కాగితాలు పెట్టుకుని బయల్దేరాడు. భార్య మెలకువగానే ఉంది. సాయంత్రానికి వస్తారా అని అడిగింది. వస్తానన్నాడు.

“సంతకం పెట్టాక మీరెప్పుడు చెప్పిన టైముకి వచ్చారు గనక,” అంది. నవ్వబోయింది గాని దగ్గు వచ్చింది.

కొత్త ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. సూపరింటెండెంటు లేడు. ఆయన సంతకం పడందే చేరినట్టు కాదన్నాడు గుమాస్తా. డాక్టరు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒక ముసలాయన మందుల చీటీతో మొహం మీద ఈగలు తోలుకుంటున్నాడు. పదకొండున్నరకి సూపరింటెండెంటు దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. నిండు చూలాలు, రక్తం ఆగడం లేదు, ఎనిమిది నెలలుగా అక్కడ మత్తు ఇచ్చేవాడు లేడు, పెద్దాసుపత్రి రెండు గంటల దూరం. డాక్టరు అందించిన కాగితాన్ని గోడకి ఆనించి సంతకం చేశాడు.

“చేరారుగా. రండి.”

సెలవు చీటీ జేబులోనే ఉంది. తియ్యాలనే అనుకున్నాడు. అంతలో స్ట్రెచరు ఎదురుగా వచ్చింది. ఆ మనిషి ఊపిరి చూశాడు. లోపలికి వెళ్ళి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చీటీ అందులోనే, ఫోనూ అందులోనే.

తల్లీ బిడ్డా దక్కారు. రెండున్నర గంటలు పట్టింది. థియేటర్ పుస్తకంలో లోపలికి పోయిన టైమూ, బయటికి వచ్చిన టైమూ వేసి, కింద సంతకం చేశాడు. అలవాటైన చెయ్యి, ఆలోచించలేదు. ఆ తరువాత చొక్కా వేసుకుని ఫోన్ చూశాడు. పందొమ్మిది సార్లు పిలిచింది కూతురు. భార్య పోయి అప్పటికి గంటా ఇరవై నిమిషాలు.

ఆయన ఇంటికి చేరేసరికి బావమరిది అన్ని ఏర్పాట్లూ చేసి ఉన్నాడు. “వచ్చావా బావా,” అన్నాడు. అందులో దెప్పు లేదు. ఉంటే బాగుండేది. కూతురు ఆ రోజు ఒక్కటే చెప్పింది. అమ్మ నాలుగు సార్లు టైమెంతైందని అడిగిందట. ప్రతిసారీ తను గంట తగ్గించి చెప్పిందట.

పద్నాలుగు రోజుల తరువాత ఆయన క్వార్టరు ఖాళీ చేసి, ఆ చిన్న ఆసుపత్రికే పోయి పని చేశాడు. కేసు నడుస్తూనే ఉంది. ఆదివారాలు వచ్చేవాడు. ఊళ్ళో కూతురు తీసుకున్న అద్దె ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య పనికొచ్చే మాటలు మాత్రమే మిగిలాయి. తాళం ఎక్కడుంది, నీళ్ళు వచ్చాయా, గ్యాసు అయిపోయిందా.

రెండేళ్ళకి తీర్పు వచ్చింది. గెలిచాడు. బదిలీ రద్దు. చేరకముందు ఇంట్లో ఉన్న ముప్ఫై ఏడు రోజులూ, తరువాతి పద్నాలుగు రోజులూ సెలవు కింద పరిగణించాలని రాశారు. నడుమ ఆ ఒక్క రోజు డ్యూటీ. భార్య మరణశయ్య మీద ఉండగా కూడా ఉత్తర్వును శిరసావహించి, చేరిన రోజునే ఒక ప్రాణం కాపాడిన అధికారి అని రెండు వాక్యాలు మెచ్చుకోలుగా ఉన్నాయి. ప్లీడరు వాటిని రెండుసార్లు చదివాడు.

“చూశారా, ఆ ఒక్క రోజే మన కేసుకి ప్రాణం పోసింది.”

ఆ రోజుని కూడా సెలవుగా మార్పించమన్నాడు డాక్టరు. ప్లీడరు మొదట నవ్వాడు. తరువాత, కాగితం మారితే ఏం మారుతుందండీ అన్నాడు. డాక్టరు దగ్గర జవాబు ఉంది గాని అది ప్లీడరుకి చెప్పేది కాదు. ఆ రోజు మీ అమ్మ కోసం సెలవు పెట్టాను, చూడు, అని ఒక ముద్ర వేసిన కాగితం కూతురి ముందు పెట్టాలి. సర్కారు మాటైనా ఆ పిల్ల నమ్ముతుందేమో.

పాత ఆసుపత్రిలో మళ్ళీ చేరాక అర్జీ తనే రాసి ఇచ్చాడు. హెడ్ గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

“లేని డ్యూటీ ఉన్నట్టు రాయమని నా ప్రాణం తీస్తారండీ జనం. ఉన్నదాన్ని లేదనమన్నవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా.”

అయినా పైకి పంపాడు. మూడు నెలలకి జవాబు వచ్చింది. డాక్టరు దాన్ని ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కావాలనే వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కూతురు చదువుతోంది. ఆయన ఫైలులో కాగితం ఆ పిల్ల చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

థియేటర్ పుస్తకంలో సదరు అధికారి స్వహస్తంతో చేసిన సంతకం ఉన్నందున, ఆ దినమున ఆయన విధులలోనే ఉన్నట్లు రుజువైనందున, అర్జీ తిరస్కరించడమైనది. కింద, ఎవరూ అడగని మాట ఇంకొకటి. ఆయన లెక్కలో ఇంకను నూట అరవై ఒక్క రోజుల సెలవు నిల్వ ఉన్నది.

కూతురు చివరిదాకా చదివి, మడతల ప్రకారం మడిచి, ఫైలులో పెట్టి దారం చుట్టింది.

“సరిగ్గానే రాశారు నాన్నా,” అంది.

తరువాత ఆయనకి వడ్డించింది.