'రేపు' అనే ఫోల్డరు

ఆగండి, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. ఒక స్కానింగ్ సెంటర్లో ఒకావిడ పదకొండేళ్ళుగా రిపోర్టులు పంపే పని చేస్తోంది. డాక్టరు సంతకం పెట్టిన ఫైలు క్లౌడ్‌లో 'వచ్చినవి' అనే ఫోల్డర్లో పడగానే, దానికి పేరు పెట్టి, రోగి ఫోల్డర్లోకి జరిపి, లింకు వాళ్ళ ఫోనుకి పంపాలి. రోజుకి రెండొందలు. మొగుడు పని పోయి ఇంట్లో కూర్చున్నాడు కాబట్టి ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు.

దానికి ఎసరు పెట్టడానికి వచ్చినవాడు ఎవరో కాదు, స్వయానా మరిది.

“కోడు ఒక్క లైను కూడా రాయక్కర్లేదు వదినా. తెర మీద ఈ డబ్బా నుంచి ఆ డబ్బాకి గీత గీస్తే చాలు. ఫైలు పడిందా, పేరు మారింది, ఫోల్డరు మారింది, మెసేజ్ వెళ్ళింది. నువ్వు కాఫీ తాగొచ్చేలోపు అంతా అయిపోతుంది.”

“నేను తాగొచ్చేలోపు నా కుర్చీ కూడా పోతుందిగా.”

“నీకన్నీ అనుమానాలే.”

అనుమానం కాదు. ఓనరు, అంటే వెనకాల అందరూ స్టాప్‌వాచ్ అని పిలుచుకునే పెద్దమనిషి, ముందే తేల్చి చెప్పాడు. మరిది కట్టిన ఏర్పాటు వారం రోజులు తప్పు లేకుండా నడిస్తే ఆమె ఇంటికి. ఒక్క తప్పు దొర్లినా ఆమె ఉంటుంది.

మరిది లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆమె పనంతా అడిగి రాసుకున్నాడు. చెప్పనిది ఒక్కటే మిగిలింది. చెడ్డ రిపోర్టు వస్తే ఆమె వెంటనే పంపేది కాదు. 'రేపు' అని తనే పెట్టుకున్న ఫోల్డర్లోకి లాగి, ముందు ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసేది. పక్కన మనిషి ఉన్నాడని తెలిశాకే పంపేది. ఇలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అది చెబుదామని లేచి వెళ్తే, తలుపు అవతల మరిది ఎక్స్‌రే అతనితో నవ్వుతున్నాడు.

“మా వదిన పని కోతికి నేర్పినా చేస్తుందిరా. కాకపోతే అరటిపళ్ళ ఖర్చు.”

ఆమె వెనక్కొచ్చి కూర్చుంది. కాసేపటికి అతనొచ్చి, “ఇంకేమన్నా ఉందా వదినా?” అన్నాడు.

“అంతే నాయనా. ఇంకేం లేదు.”

మూడో రోజు ఒక దర్జీ ఫోను పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు. “బస్సులో చదివానమ్మా. ఈ మాటకి అర్థం ఏంటి?” అది 'రేపు'లోకి వెళ్ళాల్సిన రిపోర్టు. అయినా ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దర్జీ ఏడిస్తే స్టాప్‌వాచ్ చెవికెక్కదు. ఎక్కాలంటే ఆయన నమ్మినవాడెవడో గోల పెట్టాలి.

ఏడో రోజు మధ్యాహ్నం 'వచ్చినవి'లో మరిది పేరుతో ఒక ఫైలు పడింది. తలనొప్పి తలనొప్పి అంటూ, ఎలాగూ ఇక్కడే ఉన్నాను కదా అని ముందురోజు స్కాన్ చేయించుకున్నాడు. ఆమె తెరిచి చదివింది. పదకొండేళ్ళ అనుభవం, రెండో లైనుకే అర్థమైపోయింది.

ఆ ఏర్పాటు పది నిమిషాలకొకసారి ఫైళ్ళు తీసుకుంటుంది. ఇంకా ఆరు నిమిషాలుంది. 'రేపు'లోకి లాగడానికి ఒక్క వేలు చాలు.

పక్క టేబుల్ దగ్గర మరిది స్టాప్‌వాచ్‌తో అంటున్నాడు: “సాయంత్రానికి మా వదిన ఫ్రీ సార్. ఇంట్లో నిద్రపోవచ్చు.”

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

అతని ఫోను మోగింది. “చూశారా సార్, నా రిపోర్టు నాకే పంపింది” అంటూ తెరిచి, గర్వంగా పైకే చదవడం మొదలుపెట్టాడు. రెండో లైను దగ్గర ఆగిపోయాడు. మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

“వదినా... ఇది నువ్వు ముందే చూశావా?”

స్టాప్‌వాచ్ అతని చేతిలోంచి ఫోను తీసుకుని టైము చూశాడు.

“తప్పేం లేదే. సరైన మనిషికి, సరైన టైముకి వెళ్ళింది.” ఆమె వైపు చూసి, “రేపట్నుంచి మీరు రానక్కర్లేదమ్మా” అన్నాడు.

ఆమె లేచి తన కుర్చీ మరిదికిచ్చింది. పదకొండేళ్ళుగా చేసినట్టే ఇంటికి ఫోన్ చేసి, “మీ తమ్ముడి దగ్గరికి రండి” అని మొగుడితో చెప్పింది. ఈసారి మాత్రం రిపోర్టు వెళ్ళిపోయాక.

ఇప్పుడు చెప్పండి. కోతి మాట చెవిలో మోగుతుండగా ఆ ఆరు నిమిషాలు మీ చేతికొస్తే, మీరేం చేసేవారు?